ఊరూ పేరూ తెలియని పనివాళ్లతో వ్యాపారం: నాలుగు పద్ధతుల్లో ఏది ఎవరికి పనికొస్తుంది

అజ్ఞాతంగా పనిచేసేవాళ్లను పెట్టుకోవాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ అజ్ఞాతం ఎవరి ముందు? కొనుగోలుదారుల ముందా, తోటి పనివాళ్ల ముందా, యజమాని ముందా, డబ్బు చేరవేసే సంస్థ ముందా? ఈ నాలుగూ వేర్వేరు. ఒకదాని కోసం పెట్టిన ఏర్పాటు ఇంకొకదానికి పనికిరాదు.

గిన్నిస్ బీరు తయారీ సంస్థలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో తన గణాంక వ్యాసాన్ని 'స్టూడెంట్' అనే మారుపేరుతో అచ్చువేయించాడు. ఆయనెవరో యజమానికి తెలుసు, చదివేవాళ్లకే తెలియదు. ది ఎకానమిస్ట్ పత్రికలో చాలా వ్యాసాలు రాసినవాళ్ల పేరు లేకుండానే వస్తాయి, అయినా రాసిందెవరో ఆఫీసుకు తెలుసు. ఇక సతోషి నకమోటో సంగతి వేరు. 2008లో బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు పత్రం విడుదల చేసి, 2011 తర్వాత కనపడకుండా పోయిన ఆ మనిషి, లేదా మనుషులు, ఎవరో ఈనాటికీ రుజువుతో ఎవరూ చెప్పలేదు. అయినా బిట్‌కాయిన్ ఆగలేదు. రాసిన కోడ్‌ను ఎవరైనా పరీక్షించుకోగలరు, రాసినవాడు మళ్లీ రాకపోయినా పని సాగుతుంది. పూర్తి అజ్ఞాతం నిలబడేది ఈ రెండూ ఉన్నచోటే. మీ వ్యాపారంలో ఆ రెండూ ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

తనిఖీ ఖర్చు. పని చేతికొచ్చిన వెంటనే దాని మంచిచెడ్డలు తేలిపోతాయా? చిత్రాలకు పేర్లు తగిలించే పనిలో, ఆడియోను అక్షరాల్లో పెట్టే పనిలో కొంత భాగం తీసి చూస్తే విషయం తెలిసిపోతుంది. భద్రతకు సంబంధించిన కోడ్‌లో ఒక్క వరుసను అర్థం చేసుకోవడానికి, రాసినంతసేపే పట్టొచ్చు. తనిఖీ అంత ఖరీదైనప్పుడు మీరు పనితోపాటు నమ్మకాన్ని కూడా కొంటున్నట్టే. ముఖం లేని మనిషి దగ్గర ఆ నమ్మకం దొరకదు.

నష్టానికి హద్దు. ఆ మనిషి చెడ్డవాడని రేపు తేలితే, ఈరోజు అతని చేతిలో ఉన్న తాళాలతో, అంటే పాస్‌వర్డులతో, అనుమతులతో, ఎంత నాశనం చేయగలడు? దీన్ని డబ్బు లెక్కలో రాసి చూసుకోవాలి. ఆ అంకె మీరు భరించగలిగినదానికంటే పెద్దదైతే, మిగతా ప్రమాణాలు చూడనక్కరలేదు.

మాయమైతే. ఫోన్ నంబరు లేదు, చిరునామా లేదు, వెళ్లి తలుపు తట్టడానికి ఇల్లు తెలియదు. మామూలు ఉద్యోగి జ్వరమొచ్చి పడుకున్నా ఇంట్లోవాళ్లు కబురు చేస్తారు. అజ్ఞాత ఉద్యోగి మరణించినా మీకు తెలిసేది మౌనమే. పైగా బాకీ ఉన్న జీతం ఎవరికివ్వాలో కూడా తెలియదు.

పని మీద హక్కు. చాలా దేశాల్లో కాపీరైట్ బదిలీకి సంతకంతో కూడిన రాతపత్రం కావాలి. మారుపేరుతో చేసిన సంతకం చెల్లదని కాదు, అది ఆ మనిషిదేనని కోర్టులో చూపించడమే కష్టం. అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలోనూ అజ్ఞాత రచనల రక్షణ కాలానికి లెక్క వేరు: రచయిత ఆయుష్షును బట్టి కాకుండా, చట్టబద్ధంగా జనానికి అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి 50 ఏళ్లు కనీసం. ఇవి రోజువారీ పనికి అడ్డురావు. వ్యాపారాన్ని అమ్మే రోజునో, పెట్టుబడి తెచ్చుకునే రోజునో అవతలి న్యాయవాది 'ఈ కోడ్ ఎవరు రాశారు, మీకెలా వచ్చింది' అని అడుగుతాడు. చిక్కు అప్పుడు మొదలవుతుంది.

డబ్బు దారి. ఎవరికి ఇచ్చారో చూపించలేని ఖర్చును పన్ను అధికారులు ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు. చెల్లింపులోంచే పన్ను కోయాల్సిన చోట, ఎవరి పేరున కోస్తారు? ఆంక్షలు, అంటే కొన్ని దేశాలకు, మనుషులకు డబ్బు పంపకూడదన్న నియమాలు, ఇంకా కఠినం. ఉత్తర కొరియా ఐటీ పనివాళ్లు దొంగ గుర్తింపులతో దూరపు ఉద్యోగాల్లో చేరుతున్నారని అమెరికా విదేశాంగ, ఆర్థిక శాఖలు, ఎఫ్‌బీఐ 2022 మేలో ఉమ్మడిగా హెచ్చరించాయి. అమెరికా ఆంక్షల చట్టం కింద సివిల్ జరిమానా పడటానికి తెలిసి చేశారని రుజువు కానక్కరలేదు. 'మాకు తెలియదు' అన్న జవాబు అక్కడ కాపాడదు.

## పద్ధతి 1: పూర్తి అజ్ఞాతం

మీ దగ్గర ఉండేవి ఒక మారుపేరు, ఒక పబ్లిక్ కీ (డిజిటల్ సంతకం అతనిదేనా అని పరీక్షించే సంఖ్య), ఒక వాలెట్ చిరునామా (క్రిప్టో డబ్బు పంపాల్సిన చోటు). అంతే.

ఇది బాగా కుదిరే పని భద్రతా లోపాల వేట. లోపాన్ని పంపినవాడు ఎవరైతేనేం? చెప్పిన మెట్ల ప్రకారం చేసి చూస్తే లోపం కనపడుతుంది, లేదా కనపడదు. కనపడ్డాకే బహుమతి. అతనికి మీ సర్వర్ల తాళాలు ఇవ్వాల్సిన పనే లేదు. చిన్న చిన్న ముక్కలుగా కోసి ఇవ్వగలిగే డేటా పని కూడా ఇలాంటిదే.

డేటా పనిలో వాడే రక్షణలు రెండు. ఒకటి, జవాబు ముందే తెలిసిన ప్రశ్నల్ని ప్రతి వందలో ఓ పది కలపడం. ఆ పదిలో రెండు మూడు తప్పినవాళ్ల కట్ట మొత్తాన్నీ పక్కన పెట్టి మళ్లీ చేయిస్తారు. రెండోది, ఒకే ముక్కను ముగ్గురికిచ్చి ఎక్కువమంది చెప్పింది తీసుకోవడం. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది: ఆ ముగ్గురూ ఒక్కడే కావచ్చు. గుర్తింపును ధ్రువపరిచే కేంద్రం లేనిచోట ఒక్కడు ఎందరిగానైనా నటించగలడని జాన్ డౌసర్ 2002లో రాసిన పత్రంలో వివరించాడు. దాన్నే సిబిల్ దాడి అంటారు. పట్టుకోవడానికి ఒక మార్గం తప్పుల్ని పోల్చడం. సరైన జవాబులు అందరివీ కలుస్తాయి, అందులో వింత లేదు. అరుదైన తప్పులు కూడా పదే పదే కలుస్తుంటే అది ఒకే చెయ్యి.

ఈ పద్ధతి అస్సలు పనికిరానిది కస్టమర్ల వ్యక్తిగత వివరాలు తాకే చోట. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, మీ తరఫున డేటా చూసే సంస్థ తన మనుషుల్ని గోప్యతకు కట్టుబడి ఉండేలా చేయాలి. ఎవరో తెలియని మనిషిని దేనికి కట్టిపడేస్తారు? కార్డు చెల్లింపుల ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ అయితే ఆ డేటా చూడగలిగే ఉద్యోగుల పూర్వాపరాలు చేర్చుకునే ముందే విచారించమంటుంది. కాబట్టి ఆ రెండు చోట్లా ఈ పద్ధతి గురించి ఆలోచించడమే దండగ.

## పద్ధతి 2: చరిత్ర ఉన్న మారుపేరు

అసలు పేరు తెలియకపోయినా, అదే మారుపేరుతో ఏళ్ల తరబడి పనిచేసిన ఆనవాళ్లు ఉంటాయి: బయటికి కనిపించే కోడ్, పాత చర్చలు, వేరే చోట్ల పూర్తిచేసిన పనులు. పోగొట్టుకోవడానికి ఇతనికి పరువంటూ ఒకటి ఉంది. మొదటి పద్ధతికీ దీనికీ తేడా అదే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్‌కు కోడ్ పంపే నియమాల్లో ఈ తేడా కనిపిస్తుంది. కోడ్ ఎక్కడినుంచి వచ్చిందో పంపినవాడే ధ్రువపరచాలన్న పద్ధతి అక్కడ 2004లో వచ్చింది. మొదట అసలు పేరే కావాలనేవారు. 2023లో ఆ మాట 'తెలిసిన గుర్తింపు' అని మారింది. అజ్ఞాతం మాత్రం ఇప్పటికీ కుదరదు.

అయితే చరిత్ర ఉందని గుడ్డిగా నమ్మడానికి లేదు. ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం దీనికి సాక్ష్యం. 'జియా టాన్' అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఫైళ్ల పరిమాణం తగ్గించే ఆ సాఫ్ట్‌వేర్‌కు పనికొచ్చే కోడ్ పంపుతూ, ఒంటరిగా అలసిపోయిన నిర్వాహకుడి దగ్గర నమ్మకం సంపాదించి, సహ నిర్వాహకుడయ్యారు. 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే అది బయటపడింది. అందరూ చూసే కోడ్ నిల్వలో దొంగదారిని పూర్తిచేసే ముక్క లేదు. అది జనం దించుకునే విడుదల కట్టలోనే ఉంది. అందుకే మారుపేరు మనిషి కోడ్ రాయొచ్చు గానీ విడుదల కట్టను తన కంప్యూటర్లో తయారుచేయకూడదు. కట్ట ఎప్పుడూ మీ సొంత బిల్డ్ యంత్రం మీద, అందరూ చూసిన కోడ్ నుంచే తయారవ్వాలి.

రెండో హెచ్చరిక ఖజానా విషయంలో. వండర్‌ల్యాండ్ అనే క్రిప్టో ప్రాజెక్టు నిధులను '0ఎక్స్‌సిఫు' అనే మారుపేరు మనిషి చూసేవాడు. కుప్పకూలిన క్వాడ్రిగా అనే క్రిప్టో ఎక్స్చేంజి సహ వ్యవస్థాపకుడే ఆ మనిషని 2022 జనవరిలో బయటపడింది. మారుపేరు వెనక కొత్త జీవితం మొదలుపెట్టే హక్కు ఎవరికైనా ఉండొచ్చు. ఖజానా తాళం మాత్రం ఆ హక్కులో భాగం కాదు.

మారుపేర్లు అమ్ముడుపోతాయి కూడా. కీ, పాస్‌వర్డు, పాత సందేశాలు అన్నీ కలిపి కొనుక్కున్నవాడు సంతకం పరీక్షలో తేలిగ్గా నెగ్గుతాడు. అనుమానమొస్తే పాత పనిలో ఎందుకలా నిర్ణయించారని, అప్పటికప్పుడు జవాబివ్వాల్సిన సంభాషణలో అడగాలి. రాతలో లేని కారణాలు కొన్నవాడికి తెలియవు.

## పద్ధతి 3: మధ్యవర్తికి తెలిస్తే చాలు

పనివాళ్ల గుర్తింపు, పన్ను, చెల్లింపు వేదికో ఏజెన్సీయో చూసుకుంటుంది. మీకు కనిపించేది ఒక సంఖ్య. 2005లో మొదలైన అమెజాన్ మెకానికల్ టర్క్ నడిచింది ఈ దారిలోనే. పన్ను కాగితాలు, ఆంక్షల తనిఖీ చాలావరకు వాళ్ల నెత్తిన పడతాయి. ఇన్వాయిస్ మీద ఒక సంస్థ పేరు ఉంటుంది కాబట్టి మీ అకౌంటెంటుకు బాధ తప్పుతుంది.

బదులుగా కమిషన్ పోతుంది. వేదిక మూతపడినా, మీ ఖాతా ఆపేసినా మంచి పనివాళ్లతో సంబంధం ఒక్కరోజులో తెగిపోతుంది. ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి: పని మీద హక్కు ఏ క్షణాన మీకు మారుతుంది, మోసం జరిగితే గుర్తింపు ఎవరి ఆదేశం మీద బయటపెడతారు, పని చేసేది నమోదైన మనిషే అని ఎలా చూస్తారు. మూడోదానికి చాలా ఏజెన్సీల జవాబు పల్చగా ఉంటుంది. గుర్తింపు పత్రం ఒకరిది, కీబోర్డు ముందు కూర్చునేది ఇంకొకరు.

పత్రాలు చూసినంత మాత్రాన తీరిపోదని నోబీఫోర్ సంస్థ తనంతట తానే 2024 జులైలో ప్రకటించింది. భద్రతా శిక్షణే ఆ సంస్థ వ్యాపారం. వీడియో ఇంటర్వ్యూలు, పూర్వాపరాల విచారణ అన్నీ అయ్యాక చేరిన ఇంజినీరు, దొంగిలించిన గుర్తింపుతో వచ్చిన ఉత్తర కొరియా మనిషని తేలింది. కంపెనీ పంపిన కంప్యూటర్లో హానికర సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా పట్టుకున్నారు. పేరు తెలుసన్న ధీమాతో తాళాలు ఎక్కువిస్తే, అజ్ఞాత పనివాడికి తక్కువ తాళాలిచ్చినదానికంటే ప్రమాదం.

## పద్ధతి 4: లోపల ఒకరికి తెలుసు, బయట ఎవరికీ తెలియదు

పేరు బయటపడితే ప్రాణానికో, ఉద్యోగానికో, కుటుంబానికో ముప్పున్నవాళ్లు పనిచేసే చోట ఇది సరైన పద్ధతి. అసలు పేరు తెలిసేది ఒక్కరికే: న్యాయవాది, లేదా బయటి అకౌంటెంటు. జీతం, పన్ను వాళ్ల ద్వారానే. జట్టు మొత్తం మారుపేర్లతోనే మాట్లాడుకుంటుంది. హక్కుల బదిలీ పత్రం మీద అసలు సంతకం ఉంటుంది, కాగితం ఆ ఒక్కరి బీరువాలో ఉంటుంది.

అసలు పేరున్న ఆ కాగితపు కవరు ఎప్పుడు తెరవాలో ముందే రాతలో ఉండాలి. మూడు సందర్భాలు చాలు: కోర్టు ఆదేశం, ముందే అనుకున్న మొత్తం దాటిన నష్టం, పనివాడి మరణం. చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. బాకీ జీతం వారసులకు చేరేది ఈ పద్ధతిలోనూ, కొంతవరకు మూడోదానిలోనూ మాత్రమే.

గుట్టు పోయేది చిన్న చిన్న చోట్ల. బ్యాంకు స్టేట్‌మెంటులో లబ్ధిదారు పేరు పడుతుంది. చాట్ సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌లో ఈమెయిల్ కనిపిస్తుంది. డాక్యుమెంటు లక్షణాల్లో రచయిత పేరు ఉండిపోతుంది. ఫొటోల్లో తీసిన చోటు దాగి ఉంటుంది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో ప్రతి మార్పుతో (కమిట్) సమయ మండలం నమోదవుతుంది. జియా టాన్ ఎక్కడివాడో ఊహించడానికి పరిశోధకులు పట్టుకున్న దారుల్లో అదొకటి. చేరిన మొదటి రోజే పనివాడి యంత్రంలో సమయాన్ని యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం), గిట్ పేరును, ఈమెయిల్‌ను మారుపేరుకు మార్పించండి. పేర్లూ మారుపేర్లూ జతచేసిన జాబితా ఎన్‌క్రిప్ట్ చేసిన రెండు ప్రతుల్లో ఉండాలి. ఏ క్లౌడ్‌తోనూ సింక్ కాకూడదు.

## పక్కపక్కన పెడితే

| ప్రమాణం | పూర్తి అజ్ఞాతం | చరిత్ర ఉన్న మారుపేరు | మధ్యవర్తి | లోపల ఒకరికి తెలుసు |
|---|---|---|---|---|
| చేర్చుకునే వేగం | గంటలు | రోజులు | గంటల నుంచి రోజులు | వారాలు |
| తనిఖీ భారం | మొత్తం మీదే | చాలావరకు మీదే | పనిది మీది, మనిషిది వాళ్లది | మామూలు ఉద్యోగిలాగే |
| పన్ను, ఆంక్షలు | చాలా కష్టం | కష్టం | తేలిక | తేలిక |
| హక్కుల పత్రం | బలహీనం | బలహీనం | ఒప్పందాన్ని బట్టి | గట్టిది |
| కస్టమర్ల డేటా | వద్దు | వద్దు | జాగ్రత్తగా | సరే |
| పనివాడికి రక్షణ | గుట్టు గట్టిది, జీతానికి హామీ లేదు | పరువే హామీ | వేదిక నియమాలు | రెండూ ఉన్నాయి |

## డబ్బు పంపేటప్పుడు

మొదటి రెండు పద్ధతుల్లో సాధారణంగా చెల్లింపు క్రిప్టోలోనే. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

ధరను మామూలు కరెన్సీలో నిర్ణయించి, పంపే గంటలోని మారకం రేటుతో లెక్కకట్టండి. రేటు, తేదీ, సమయం, లావాదేవీ సంఖ్య నాలుగూ ఇన్వాయిస్ పక్కన రాసిపెట్టాలి. కొత్త చిరునామాకు ముందు చిన్న మొత్తం పంపి, అందిందని సంతకం చేసిన సందేశం వచ్చాకే మిగతాది పంపాలి.

బిట్‌కాయిన్ ఖాతా పుస్తకం అందరికీ తెరిచి ఉంటుంది. ఒకే చిరునామా నుంచి అందరికీ జీతాలు పంపితే ఎవరికెంత ఇస్తున్నారో ప్రతి పనివాడూ చూడగలడు, మీ నిల్వ కూడా చూడగలడు. అందుకని ఒక్కో పనివాడికి వేర్వేరుగా నింపిన వాలెట్ వాడతారు. లావాదేవీలను దాచి ఉంచే మొనేరో అనే క్రిప్టోలో ఈ బాధ లేదు గానీ, లావాదేవీ తాళాన్ని (పంపినప్పుడు పుట్టే రహస్య సంఖ్య) భద్రపరచకపోతే డబ్బు పంపినట్టు మీరే నిరూపించుకోలేరు. డాలరుకు కట్టిన నాణేల్లో యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ జారీదారులు ఏ చిరునామానైనా స్తంభింపజేయగలరు. జీతం అందాక చిక్కుకుపోవచ్చని పనివాడికి ముందే చెప్పాలి.

చిరునామా మారిందంటూ వచ్చే సందేశమే అన్నిటికంటే మామూలు మోసం. ఆ సందేశం మొదటి రోజు నమోదు చేసుకున్న కీతో సంతకం చేసి ఉండాలి. కీని గుర్తుపట్టే 40 అక్షరాల ముద్రను చివరి నాలుగూ చూసి వదిలేయకుండా మొత్తం సరిపోల్చాలి. తర్వాత 24 గంటలు ఆగి వేరే దారిలో ఒకసారి అడగాలి. అత్యవసరమంటూ తొందరపెడితే ఆగాల్సిన సమయం ఇంకా పెంచండి.

పనివాడి వైపు నుంచి కూడా చూడాలి. మీరు ఎగ్గొడితే ఆ మనిషి ఫిర్యాదు చేయాలంటే ముసుగు తీయాలి. అందుకే మారుపేరుతోనే మంచి పరువు సంపాదించినవాళ్లు, మూడు సంతకాల్లో రెండు కావాల్సిన ఎస్క్రో (పని అయ్యేదాకా డబ్బు నిలిపి ఉంచే ఖాతా) అడుగుతారు: ఒక తాళం మీది, ఒకటి పనివాడిది, ఒకటి ఇద్దరూ ఒప్పుకున్న మధ్యస్థుడిది. రెండు కలిస్తేనే డబ్బు కదులుతుంది. ఒక్కో విడత ఒక వారం పనిని మించకుండా చూసుకుంటే, ఎవరు మాట తప్పినా పోయేది వారం విలువే.

## తాళాలు, మౌనం

తెలియని మనిషి రాసినదాన్ని చూసి ఆమోదించేవాడు గుర్తింపు తెలిసినవాడై ఉండాలి. రాసిందీ ఆమోదించిందీ రెండు మారుపేర్లే అయితే ఇద్దరు చూసినట్టు కాదు. అసలు కస్టమర్ల డేటా ఇవ్వకుండా, అలాంటి ఆకారంలో తయారుచేసిన నకిలీ డేటా ఇవ్వండి. రహస్య కీలు 30 రోజులకు మించి బతకకుండా గడువు పెట్టండి.

మాయమయ్యే రోజుకు గడువులు ఒప్పందంలోనే ఉండాలి. పని రోజూ మీ నిల్వలోకి చేరాలి, అతని యంత్రంలో ఉన్నది లేనట్టే లెక్క. వారానికోసారి ఒక పేజీ అప్పగింత పత్రం: ఏది ఎక్కడుంది, ఏది సగంలో ఆగింది. 48 గంటల మౌనానికి రెండో దారిలో కబురు. 5 రోజులకు తాళాలన్నీ రద్దు, పని ఇంకొకరికి. 14 రోజులకు ఒప్పందం ముగింపు, బాకీ మొత్తం ఎస్క్రోలో 6 నెలలు. కీ పోయిందంటూ అదే పేరుతో ఎవరైనా తిరిగొస్తే, మొదటి రోజు ఇచ్చిపెట్టిన రెండో కీతో సంతకం అడగాలి. అదీ లేకపోతే కొత్త మనిషిగానే మొదలు. ఇది కఠినంగా అనిపించొచ్చు, కానీ ఇక్కడ సడలిస్తే దొంగకు దారి చూపించినట్టే.

## మీరు ఎవరైతే ఏది

డేటాకు పేర్లు పెట్టించే చిన్న సంస్థకు మూడో పద్ధతి. నెలకు వేల ముక్కలున్నప్పుడు కమిషన్ కంటే సొంత తనిఖీ వ్యవస్థ ఖర్చే ఎక్కువవుతుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు రెండో పద్ధతితో మొదలుపెట్టొచ్చు: బిల్డ్, విడుదల, సర్వర్లు తెలిసిన మనిషి చేతిలో ఉంచి, మారుపేరు ఇంజినీర్లకు విడివిడి భాగాలు ఇవ్వడం. రెండు మూడేళ్లలో సంస్థను అమ్మే ఉద్దేశముంటే ఇప్పుడే నాలుగోదానికి మారండి. వెళ్లిపోయిన మారుపేరు దగ్గర తర్వాత సంతకం తెచ్చుకోవడం కుదిరే పని కాదు.

కస్టమర్లకు జవాబులిచ్చే జట్టుకు నాలుగోది. బయట కనిపించేది మారుపేరైనా లోపల అందరూ మామూలు ఉద్యోగులే. వేధింపుల నుంచి వాళ్లను కాపాడటానికి అది చాలు.

ముప్పున్న ప్రాంతాల నుంచి రాసేవాళ్లతో, అనువదించేవాళ్లతో పనిచేసే ప్రచురణకర్తకు కూడా నాలుగోదే, ఒక మార్పుతో: పేరు తెలిసిన ఆ ఒక్కరు పనివాళ్లున్న దేశపు పోలీసులకు, కోర్టులకు అందని చోట ఉండాలి.

మొదటి పద్ధతి మిగిలేది లోపాల వేటగాళ్లకు, ఒక్కసారి చేసి వదిలేసే పనులకు. దాన్ని ఎంచుకునేముందు మీ దేశంలో ఆ ఖర్చు పన్ను లెక్కల్లోకి వస్తుందో లేదో అకౌంటెంటును అడగండి. రాదంటే, పన్ను కూడా కలుపుకుని ఆ పని అసలు ధర ఎంతో కట్టి, మధ్యవర్తి కమిషన్‌తో పోల్చి చూడండి.